పదిహేను రూపాయల వాలీబాల్, రెండు కోట్ల డాలర్ల ఫుట్‌బాల్

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

కార్యవర్గం వారు నన్ను అమెరికాలో ఇంజినీరింగ్ చదువుల గురించి మాట్లాడమన్నారు. ఆ సంగతి నాకంటే కన్సల్టెన్సీల వాళ్ళే బాగా చెబుతున్నారు. అందుకని అక్కడి కాలేజీ ఆటల గురించి, ఆ ఆటగాళ్ళు ప్రకటనల్లో, స్పాన్సర్‌షిప్‌ల్లో డబ్బు సంపాదించుకోవడం గురించి మాట్లాడతానని అడిగి ఒప్పించాను. ఈ మధ్యాహ్నం సమావేశంలో మన బడి ఆటగాళ్ళకి ఒక నిధి పెట్టాలా, దాతల వ్యాపారాల పేర్లు పిల్లల జెర్సీల మీద వేయించాలా అన్న చర్చ ఉంది. అది ఒక కారణం. రెండోది నా సొంత కారణం. ముందు అదే చెబుతాను.

1984లో నేను పదో తరగతి. మా క్లాసులో ఒకడు వాలీబాల్ అద్భుతంగా ఆడేవాడు. పేరు చెప్పను. ఈ హాల్లోనే కూర్చున్నాడు, చెప్పడానికి అనుమతి మాత్రం తీసుకున్నాను. సంక్రాంతికి పక్క ఊళ్ళో టోర్నమెంటు జరిగితే, ఒక జట్టుకి మనిషి తక్కువై ఇతన్ని పిలుచుకెళ్ళారు. రెండు రోజులు ఆడించి, కోడికూరతో భోజనం పెట్టి, పదిహేను రూపాయలు చేతిలో పెట్టారు. ఆ డబ్బుతో కాన్వాసు బూట్లు కొనుక్కున్నాడు. అంతవరకు అతను వట్టి కాళ్ళతోనే ఆడేవాడు.

ఈ సంగతి నేను వెళ్ళి డ్రిల్లు మాస్టారికి చెప్పాను. ఎవరూ నన్ను అడగలేదు, నేనే చెప్పాను. డబ్బుకి ఆడినవాడు బడి తరఫున ఆడకూడదని అప్పటి లెక్క. మాస్టారు అతన్ని జోనల్ జట్టులోంచి తీసేశారు. రిజర్వులో ఉన్న నేను అతని చోట ఆడాను. మొదటి మ్యాచ్‌లోనే ఓడి వచ్చాం. అతను ఆ తర్వాత బడి జట్టుకి మళ్ళీ ఆడలేదు. మాస్టారిని నేను తప్పు పట్టను. ఆటకి డబ్బు తగిలితే మైల పడుతుందని ఆ రోజుల్లో పెద్దలందరూ అనుకునేవారు. నా సంగతి వేరు. నాకు జట్టులో చోటు కావాలి, నియమం చేతికి దొరికింది.

ఆ నియమం మన ఊళ్ళో పుట్టింది కాదు. 1912 స్టాక్‌హోమ్ ఒలింపిక్స్‌లో జిమ్ థోర్ప్ అనే అమెరికన్ ఆదివాసీ యువకుడు డెకాథ్లాన్, పెంటాథ్లాన్ రెండూ గెలిచాడు. అంతకు ముందు వేసవుల్లో చిన్న స్థాయి బేస్‌బాల్ ఆడి కాస్త డబ్బు తీసుకున్నాడని తేలితే, 1913లో పతకాలు వెనక్కి తీసుకున్నారు. అలా ఆడిన కాలేజీ కుర్రాళ్ళు చాలామంది దొంగపేర్లతో ఆడేవారు. థోర్ప్ సొంత పేరుతో ఆడి దొరికిపోయాడు. 1982లో పతకాలు తిరిగి ఇచ్చారు. అప్పటికి ఆయన పోయి దాదాపు ముప్పై ఏళ్ళు. ఏకైక విజేతగా రికార్డుల్లో పేరు మళ్ళీ చేరింది 2022లో.

ఒలింపిక్స్ ఆ పట్టుదలని కొన్నాళ్ళకి వదిలేసింది కానీ అమెరికా కాలేజీ ఆటల్ని నడిపే ఎన్‌సీఏఏ అనే సంస్థ మాత్రం 2021 దాకా పట్టుకునే ఉంది. స్కాలర్‌షిప్ ఇస్తారు, అంటే ఫీజు, బస, భోజనం. అంతకు మించి ఆటగాడు తన పేరు మీద గానీ, బొమ్మ మీద గానీ ఒక్క డాలరు తీసుకున్నా ఆటకి అనర్హుడు. ఆ నియమాల పుస్తకం చదివితే నవ్వు వస్తుంది. ఒకప్పుడు కాలేజీ వాళ్ళు ఆటగాడికి చిరుతిండిగా బేగెల్ ఇవ్వొచ్చు. బేగెల్ అంటే మధ్యలో చిల్లు ఉండే గట్టి రొట్టె. దాని మీద క్రీమ్ చీజ్ రాసి ఇస్తే మాత్రం తప్పు. రొట్టె చిరుతిండి, చీజ్ రాస్తే భోజనం కిందకి వస్తుందట! 2014లో షబాజ్ నేపియర్ అనే కనెక్టికట్ బాస్కెట్‌బాల్ ఆటగాడు, కొన్ని రాత్రులు తాను ఆకలితోనే పడుకుంటానని విలేకరులకి చెప్పాడు. అతని జట్టు ఆ ఏడాది జాతీయ విజేత. ఆ తర్వాత కొద్ది రోజులకే భోజనం మీద పరిమితులు ఎత్తేశారు.

ఇంకోపక్క ఆ ఆటల్లో తిరిగే డబ్బు చూడండి. మిషిగన్ యూనివర్సిటీ ఫుట్‌బాల్ స్టేడియంలో లక్షా ఏడు వేల మందికి పైగా పడతారు. ఫుట్‌బాల్ అంటే కాలితో తన్నేది కాదు, చేత్తో పట్టుకుని పరిగెత్తే అమెరికన్ ఆట. మార్చి నెలలో మగపిల్లల బాస్కెట్‌బాల్ టోర్నమెంటు జరుగుతుంది. దాని టీవీ హక్కులకి 2010లో పద్నాలుగేళ్ళకి కుదిరిన ఒప్పందం 1,080 కోట్ల డాలర్లు. పేరున్న ఫుట్‌బాల్ కోచ్‌కి ఏడాది జీతం కోటి డాలర్లు దాటింది. చాలా రాష్ట్రాల్లో ప్రభుత్వం జీతమిచ్చే ఉద్యోగులందరిలో ఎక్కువ జీతం గవర్నరుది కాదు, ఏదో ఒక కోచ్‌ది. డబ్బు ముట్టకూడని వాడు ఒక్కడే, ఆడేవాడు.

ఈ ఆటగాళ్ళని 'స్టూడెంట్ అథ్లెట్' అంటారు. వినడానికి గౌరవంగా ఉంటుంది. 1955లో కొలరాడోలో ఒక చిన్న కాలేజీ తరఫున ఫుట్‌బాల్ ఆడుతూ రే డెనిసన్ అనే కుర్రాడు తలకి దెబ్బ తగిలి చనిపోయాడు. పని చేస్తూ చనిపోయిన కార్మికుడికి ఇచ్చే పరిహారం ఇవ్వమని అతని భార్య కోర్టుకి వెళ్ళింది. 1957లో రాష్ట్ర సుప్రీం కోర్టు, అతను కాలేజీకి ఉద్యోగి కాదంది. ఇలాంటి దావాలకి భయపడే ఎన్‌సీఏఏ ఆ రోజుల్లో ఆ మాట పుట్టించి వాడుకలోకి తెచ్చింది. అప్పట్లో ఆ సంస్థని నడిపిన వాల్టర్ బయర్స్ పదవీ విరమణ తర్వాత తన పుస్తకంలో ఆ సంగతి ఒప్పుకున్నాడు. నేను ఇంజినీరుని, మాటల శాస్త్రం నాకు తెలియదు. కానీ మా సైట్లలో కూడా కాంట్రాక్టు కూలీకి మంచి పేరు పెట్టి పీఎఫ్ ఎగ్గొట్టడం చూశాను.

ఈ గోడ ఎలా కూలిందో చెబుతాను. ఎడ్ ఓబానన్ అని 1995లో యూసీఎల్‌ఏ జట్టుని బాస్కెట్‌బాల్ విజేతగా నిలిపిన ఆటగాడు. తర్వాత లాస్ వేగస్‌లో కార్లు అమ్మే ఉద్యోగం చేసుకుంటున్నాడు. ఒక రోజు స్నేహితుడి ఇంట్లో వాళ్ళబ్బాయి వీడియో గేమ్ ఆడుతున్నాడు. తెర మీద ఉన్నది తనే! అదే 31వ నంబరు, అదే గుండు, అదే ఎడమచేతి వాటం. పేరు మాత్రం లేదు. గేమ్ అమ్మినవాడికి డబ్బు, ఎన్‌సీఏఏకి డబ్బు, ఇతనికి సున్నా. 2009లో దావా వేశాడు. 2014లో జడ్జి క్లాడియా విల్కెన్ ఎన్‌సీఏఏ చేసింది పోటీ చట్టానికి విరుద్ధమని తీర్పిచ్చారు.

2019 సెప్టెంబరులో కాలిఫోర్నియా, కాలేజీ ఆటగాళ్ళు తమ పేరు మీద సంపాదించుకోవచ్చని చట్టం చేసింది. మిగతా రాష్ట్రాలు వెంటపడ్డాయి. 2021 జూన్ 21న అమెరికా సుప్రీం కోర్టు ఆల్‌స్టన్ కేసులో తొమ్మిదికి తొమ్మిది మంది జడ్జీలూ ఎన్‌సీఏఏకి వ్యతిరేకంగా చెప్పారు. కేసు నిజానికి లాప్‌టాప్‌ల్లాంటి చదువుకి సంబంధించిన సాయం మీద. కానీ కావనా అనే జడ్జి విడిగా రాసిన అభిప్రాయంలో ఒక పోలిక తెచ్చారు. తక్కువ జీతం తీసుకునే వంటవాడు వండితేనే జనం ఇష్టపడతారని చెప్పి, ఒక ప్రాంతంలోని హోటళ్ళన్నీ కూడబలుక్కుని వంటవాళ్ళ జీతాలు కోస్తే ఊరుకుంటామా అని దాని భావం. ఆ తర్వాత పది రోజులకి, జులై 1 నుంచి, ఎన్‌సీఏఏ తలుపు తీసేసింది. పేరు, బొమ్మ, పోలిక – ఈ మూడింటి మీద ఆటగాడికే హక్కు. ఇంగ్లీషులో ఎన్ఐఎల్ అంటారు.

మొదటి రోజే ఫ్రెస్నో స్టేట్‌లో బాస్కెట్‌బాల్ ఆడే కవిండర్ కవల అక్కచెల్లెళ్ళు ఒక సెల్‌ఫోన్ కంపెనీతో ఒప్పందం చేసుకున్నారు. నాకు బాగా నచ్చింది మాత్రం నెబ్రాస్కా కుర్రాడి కథ. అతని పేరు డీకోల్డెస్ట్ క్రాఫర్డ్. 'అందరికంటే చల్లనివాడు' అని అర్థం వస్తుంది, అమ్మానాన్న పెట్టిన పేరే. ఒమాహాలో ఏసీలు బాగుచేసే కంపెనీ ఒకటి అతనితో ప్రకటన తీసింది. ఇందులో ఎవరికి నష్టం? ఆ కుర్రాడు ఈ పని 2020లో చేసి ఉంటే ఆట పోయేది. 2004లో జెరెమీ బ్లూమ్‌కి అలాగే పోయింది. మంచు మీద స్కీయింగ్‌లో ఒలింపిక్స్‌కి వెళ్ళినవాడు, కొలరాడో యూనివర్సిటీకి ఫుట్‌బాల్ ఆడేవాడు. స్కీయింగ్ ఖర్చుల కోసం ప్రకటనలు చేస్తే, ఫుట్‌బాల్ ఆడటానికి వీల్లేదన్నారు.

ఇక మనం, అంటే పూర్వ విద్యార్థులం, ఇందులో ఎక్కడున్నామో వినండి. మన వాలీబాల్‌లో బూస్టర్ అంటే బంతి ఎత్తి ఇచ్చేవాడు. అమెరికాలో బూస్టర్ అంటే డబ్బు ఎత్తి ఇచ్చే పాత విద్యార్థి. నేను డాలస్‌లో ఉంటాను. అక్కడి ఎస్ఎంయూ అనే యూనివర్సిటీ పాత విద్యార్థులు 1980ల్లో ఫుట్‌బాల్ ఆటగాళ్ళకి చాటుగా నెలనెలా డబ్బు ఇచ్చేవారు. బయటపడితే 1987 సీజన్ మొత్తం రద్దు చేశారు. దాన్ని అక్కడ 'మరణశిక్ష' అనే పిలుస్తారు. ఆ జట్టు కోలుకోవడానికి రెండు దశాబ్దాలు పట్టింది. ఇప్పుడు దేశమంతా పాత విద్యార్థులు 'కలెక్టివ్' అని సంఘాలు పెట్టి, ప్రకటన ఒప్పందాల పేరుతో ఆటగాళ్ళకి బాహాటంగానే ఇస్తున్నారు. అదే ఎస్ఎంయూ 2023లో పెద్ద లీగులో చేరడానికి తొమ్మిదేళ్ళు టీవీ డబ్బు వదులుకుంటానంది. లోటు పూడ్చడానికి దాతలు వారం రోజుల్లో పది కోట్ల డాలర్లు పోగు చేశారు. మన సంఘం కోశాధికారి గారు ఈ అంకె విని బెంగ పెట్టుకోనక్కర్లేదు.

ఇదంతా మంచే జరిగిందని నేను చెప్పడం లేదు. ఎక్కువ డబ్బు ఇచ్చిన చోటికి ఆటగాడు ఏటా కాలేజీ మారుతున్నాడు. నాలుగేళ్ళలో మూడు కాలేజీలు మారినవాడికి డిగ్రీ ఎక్కడ పూర్తవుతుంది? ఫుట్‌బాల్, బాస్కెట్‌బాల్ ఆడేవాళ్ళలో ప్రొఫెషనల్ స్థాయికి వెళ్ళేది నూటికి ఇద్దరు కూడా ఉండరు. మిగతావాళ్ళకి డిగ్రీయే ఆధారం. పద్దెనిమిదేళ్ళ పిల్లాడికి ఏజెంట్లు వస్తున్నారు, టాక్సు రిటర్నులు వస్తున్నాయి. బూట్లు ఊరికే ఇచ్చినా వాటి విలువ ఆదాయమే, టాక్సు కట్టాలి. ఈ సంగతి మొదటి ఏడాది చాలామందికి ఏప్రిల్ వచ్చాక గాని తెలియలేదు.

2025 జూన్ 6న అదే జడ్జి విల్కెన్ ఇంకో ఒప్పందాన్ని ఆమోదించారు. పాత ఆటగాళ్ళకి పదేళ్ళలో సుమారు 280 కోట్ల డాలర్లు ఇవ్వాలి. ఇకమీదట కాలేజీలే ఆటగాళ్ళకి నేరుగా డబ్బు పంచవచ్చు. మొదటి ఏడాది ఒక్కో కాలేజీకి పరిమితి రెండు కోట్ల ఐదు లక్షల డాలర్లు. ఇందులో సింహభాగం ఫుట్‌బాల్‌కి, తర్వాత మగపిల్లల బాస్కెట్‌బాల్‌కి పోతోంది. ఈత, పరుగు, జిమ్నాస్టిక్స్ పిల్లలకి మిగిలేది చిల్లర. ఆడపిల్లల వాటా సంగతి మళ్ళీ కోర్టులకే వెళ్ళింది.

నియమాల్లో వింతలూ వెంటనే పోలేదు. రీస్ బ్రాంట్‌మయర్ అనే టెన్నిస్ అమ్మాయి హైస్కూల్లో ఉండగా 2021 యూఎస్ ఓపెన్‌లో సుమారు 49 వేల డాలర్ల బహుమతి గెలుచుకుంది. కాలేజీకి ఆడాలంటే చాలావరకు వదులుకోవాలన్నారు. రాకెట్ పట్టుకుని ఫోటో దిగితే వచ్చే డబ్బు ఎంతైనా తీసుకోవచ్చు, అదే రాకెట్‌తో ఆడి గెలిస్తే వచ్చేది తీసుకోకూడదని అప్పటి నియమం! 2024లో ఆమె దావా వేసింది.

ఇందులో మనవాళ్ళకి తగిలే ముక్క ఒకటుంది. భారతదేశం నుంచి ఆటల స్కాలర్‌షిప్ మీద వెళ్ళినవాళ్ళు ఎప్పటినుంచో ఉన్నారు. సోమ్‌దేవ్ దేవ్‌వర్మన్ వర్జీనియా యూనివర్సిటీ తరఫున 2007, 2008లో వరసగా కాలేజీ సింగిల్స్ విజేత. మన తెలుగువాడు సాకేత్ మైనేని అలబామా యూనివర్సిటీకి ఆడాడు. వాళ్ళ రోజుల్లో ఎవరికీ డబ్బు లేదు కాబట్టి తేడా తెలియలేదు. ఇప్పుడు తెలుస్తుంది. ఎఫ్-1 వీసా మీద ఉన్న విద్యార్థి బయట పని చేసి సంపాదించకూడదు. ప్రకటనలో నటించడం పని కిందకే వస్తుంది. కెంటకీ జట్టులో ఆస్కార్ షీబ్వే అని కాంగో దేశపు బాస్కెట్‌బాల్ ఆటగాడు ఉండేవాడు. 2022లో దేశంలో ఉత్తమ ఆటగాడిగా ఎన్నికయ్యాడు. అమెరికా గడ్డ మీద ప్రకటన చేయకూడదు కాబట్టి, ఆ వేసవిలో జట్టు బహామాస్ దీవులకి ఆడటానికి వెళ్ళినప్పుడు, అక్కడ తన ప్రకటనల పని పూర్తి చేసుకున్నాడు.

మా అమ్మాయి నాలుగేళ్ళప్పుడు మాతో హెచ్-4 వీసా మీద వచ్చింది. మన దేశంలో పుట్టినవాళ్ళకి గ్రీన్‌కార్డు క్యూ పదేళ్ళ పైమాటే అని ఇక్కడ చాలామందికి తెలుసు. ఇరవై ఒకటి నిండేసరికి అది రాలేదు, పిల్ల ఎఫ్-1కి మారింది. పెరిగిన ఊళ్ళోనే విదేశీ విద్యార్థిని. కాలేజీ జట్టులో ఎనిమిది వందల మీటర్లు పరిగెత్తుతుంది. నిరుడు ఊళ్ళో బూట్ల దుకాణం ఒకటి జట్టులో నలుగురు అమ్మాయిల్ని అడిగింది. ఏడాదికి రెండు జతల బూట్లు, కొద్దిగా డబ్బు, నెలకి ఒక ఫోటో. ముగ్గురు సంతకం పెట్టారు. మా అమ్మాయి కాలేజీలో విదేశీ విద్యార్థుల ఆఫీసుకి వెళ్ళి అడిగితే వద్దన్నారు. వీసా పోయే పని, బూట్ల కోసం చేయలేం కదా. తమ్ముడు అక్కడే పుట్టాడు, వాడికి ఏ అడ్డూ లేదు, కానీ వాడు బస్సు కోసం కూడా పరిగెత్తడు.

ఆ రాత్రి ఫోనులో, "నాన్నా, బూట్లు నేను కొనుక్కోగలను. నలుగురిలో నన్ను ఒక్కదాన్నే పక్కకి నిలబెట్టారు, అదే బాధ" అంది. నాకు వెంటనే 1984 గుర్తొచ్చింది. మా అమ్మాయికి ఆ సంగతి అప్పటిదాకా చెప్పలేదు. ఆ రోజు చెప్పాను. అంతా విని, "ఆయనకి సారీ చెప్పావా?" అని అడిగింది. లేదన్నాను. నిన్న సాయంత్రం చెప్పాను, నలభై ఏళ్ళ తర్వాత. అతను నవ్వి, ఆ బూట్లు నాలుగు నెలలకే చిరిగిపోయాయిరా అన్నాడు. జోనల్స్‌లో ఆడి ఉంటే స్పోర్ట్స్ కోటాలో రైల్వే ఉద్యోగం వచ్చేదేమో అని వాళ్ళ నాన్నగారు పోయేదాకా అనేవారట. అది మాత్రం నవ్వకుండా చెప్పాడు.

ఇక మధ్యాహ్నం చర్చ గురించి నా అభిప్రాయం. డబ్బు తీసుకోవడం తప్పు కాదన్నాను కదా అని, పన్నెండేళ్ళ పిల్ల వీపు మీద సిమెంటు కంపెనీ పేరు వేయడానికి నేను ఒప్పుకోను. పుల్లెల గోపీచంద్ 2001లో ఆల్ ఇంగ్లండ్ గెలిచాక, శీతల పానీయం ప్రకటన వస్తే కాదన్నారు. ఆరోగ్యానికి మంచిది కాదని తను తాగని దాన్ని అమ్మనన్నారు. కాదనే హక్కు ఆయన చేతిలో ఉంది, ఎందుకంటే ఆ పేరు ఆయనది. మన బడి పిల్లలకి అవునో కాదో చెప్పే వయసు లేదు, వాళ్ళ తరఫున మనం సంతకాలు పెట్టకూడదు. దాత పేరు కోర్టు గోడ మీద రాయిద్దాం, ఎంత పెద్ద అక్షరాలతోనైనా. రెండో మాట. బయటి టోర్నమెంటులో ఆడి ఏదైనా పిల్లవాడో పిల్లో బహుమతి డబ్బు తెచ్చుకుంటే, అది వాళ్ళదే. దాని వల్ల జట్టులో చోటు పోదని మన నిధి నియమావళిలో ఒక వాక్యం రాయాలి. ఆ వాక్యం ముసాయిదా రాసి తెచ్చాను, కార్యదర్శి గారికి ఇచ్చాను.

బూట్లకి ఈ ఏడాది అయ్యే ఖర్చు నేను పెట్టుకుంటాను. ఇప్పుడు జట్లలో ఉన్న నలభై రెండు మంది పాదాల కొలతలు పీఈటీ మేడమ్ గారు తీసి పెట్టారు. పిల్లల కాళ్ళు ఆరు నెలలకి పెరుగుతాయి కాబట్టి జూన్‌లో మళ్ళీ తీయాలట.

సాయంత్రం నాలుగింటికి గ్రౌండులో పాత విద్యార్థుల వాలీబాల్ ఉంది. జట్టు పేర్లు మా స్నేహితుడు రాస్తున్నాడు. నన్ను రిజర్వులో రాశాడు. సరేనన్నాను.